నాన్న మూర, నా మూర

2, సోమవారం

బావతో ఇక మాట్లాడను. ఈ మాట రాసి పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే నా సంగతి నాకు తెలుసు. పొద్దున్నే టీ గ్లాసు చేతికిచ్చి "ఏం మరదలు పిల్లా, నిద్రపట్టిందా?" అన్నాడంటే చాలు, వెన్నలా కరిగిపోతాను. ఈసారి కరగను.

మధ్యాహ్నం మీటింగులో సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, "స్టే రాడ్డులు నేలలో ఎంత తుప్పు పట్టాయో తవ్వకుండానే చెప్పే పెట్టె ఒకటి వచ్చిందట. తెప్పిద్దామా? కావాలన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు. లైన్‌మెన్ వరసలో అందరికంటే ముందు లేచిన చెయ్యి మా బావది. రెండోది కూడా ఎత్తేవాడే. అందులో టీ గ్లాసు ఉంది కాబట్టి ఆగాడు.

పెట్టె వస్తే గుంటలు తవ్వక్కర్లేదు. గుంటలు తవ్వక్కర్లేకపోతే నేనక్కర్లేదు. ఇంత చిన్న లెక్క ఆయనకు తెలియదా? కరెంటు స్తంభాలు ఒరగకుండా నేలలో పట్టి ఉంచే ఆ రాడ్డులు ఆఫీసులో చూసేది ఇద్దరమే, నేనూ కునుకూ. కునుకు అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. అతను స్కూటరు మీద కూర్చునే పరీక్ష కానిచ్చేస్తాడు, అందులో సగం కళ్ళు మూసుకుని. నేను మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుతాను. పాసైన స్తంభానికి ఇద్దరం ఒకే డబ్బాలోని పసుపు రంగుతో పట్టీ వేస్తాం. నాది నాదని తెలియాలి కాబట్టి పట్టీ కింద ఒక చుక్క పెడతాను.

ఆ స్తంభాలు ఎక్కేది బావే. నా చుక్క చూస్తూనే ఎక్కుతాడు. అయినా చెయ్యెత్తాడు. నా పెళ్ళి పెటాకులైన రోజున వ్యాను తెచ్చి, నా మంచం తనే విప్పి, తనే ఎక్కించి, ఈ వెనక గదిలో తనే బిగించిన మనిషి. నా పనిమీద నమ్మకం లేదని మీటింగులో నలుగురి ముందూ చెయ్యెత్తి చెప్పాడు.

కోపమేం లేదు. మాట్లాడను, అంతే.

3, మంగళవారం

"అక్కా, నీళ్ళ మోటారు ఆపమని మీ ఆయనకు చెప్పు."

"నువ్వే చెప్పవే. పక్కనే ఉన్నాడుగా!"

"ఎవరూ? నాకెవరూ కనిపించట్లేదే."

బావ పేపరు వెనక నుంచి అన్నాడు: "ఏమే, మోటారు నేను ఎప్పుడో ఆపేశానని మీ చెల్లితో చెప్పు."

అక్క గరిటె పొయ్యి మీద పెట్టి, ఇద్దరినీ ఒకసారి చూసి, "మీ ఇద్దరికీ మధ్య తీగలు మోయడానికి నేనేమన్నా కరెంటు స్తంభాన్నా?" అంది. బావకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. పేపరు అడ్డం ఉంది కాబట్టి ఆయన బతికిపోయాడు, నాకు గ్లాసు అడ్డం దొరికింది.

5, గురువారం

పెట్టె వచ్చింది. దాంతోపాటు ఒక ఇంజనీరు కూడా వచ్చాడు. మనిషి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. చేతిలో పెద్ద నల్ల గొడుగు. ఎండ మండిపోతోంది కదా, పాపం సుకుమారం అనుకున్నాను. తీరా చూస్తే గొడుగు పెట్టెకట. తను ఎండలో నిలబడి గొడుగు పెట్టెకు పట్టాడు.

పెట్టె సంగతేమిటంటే, ఒక తీగ రాడ్డు ఉంగరానికి తగిలిస్తారు. రెండో తీగ చివర ఒక గొట్టం, అందులో నీలం నీళ్ళు. నేలమీద కాసిన్ని మంచినీళ్ళు పోసి, ఆ తడిలో గొట్టం నిలబెడతారు. పెట్టెమీద అంకె వస్తుంది. నీలం నీళ్ళకు ఎండ తగిలితే అంకె తప్పుతుందట, అందుకని గొడుగు.

"అంకె ఈ గీత దాటితే కింద ఇనుమును మట్టి తింటున్నట్టు మేడమ్" అన్నాడు గొడుగు ఇంజనీరు. నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి ఇతనే. కొంచెం మెత్తబడబోయి నిగ్రహించుకున్నాను.

"ఎక్కడ తింటోంది?"

"అది చెప్పదు."

"ఎంత తినేసింది?"

"అదీ చెప్పదు. తింటోందని మాత్రం చెబుతుంది."

మా మాజీ అత్తగారు అచ్చం ఇంతే. ఇంట్లో ఏదో తప్పు జరుగుతోందనేది. ఏమిటో, ఎక్కడో, ఎప్పుడో చెప్పేది కాదు. ఆవిడకు గొడుగు పట్టేవాళ్ళు లేక అంకెలు రాలేదు.

సూపర్‌వైజరు పందెం పెట్టాడు. పాతవీధిలో పది స్తంభాలు పెట్టె చూస్తుంది, అవే పది నేను తవ్వి చూస్తాను. ఎవరు నెగ్గితే వాళ్ళ పద్ధతి ఉంటుంది. సోమవారం ముహూర్తం.

6, శుక్రవారం

బావ మీద కోపం లేదు. ఇవాళ కూడా లేదు.

9, సోమవారం

గెలిచాను!

ఇంకోసారి రాసుకుంటాను. గెలిచాను!

పదింటిలో నాలుగింటికి పెట్టె గీత దాటింది. మిగతా ఆరూ బాగున్నాయని పెట్టెదీ నాదీ ఒకే మాట. ఆ నాలుగూ అందరి ముందూ తవ్వాను. నాన్న పద్ధతే: మూరెడు తవ్వు, మట్టి తుడువు, సుత్తితో కొట్టు, మోగితే వెర్నియర్ పెట్టి లావు చూడు. నాన్న ఈ ఆఫీసులోనే ఇదే పని చేశాడు. "తుప్పు గాలి తగిలే చోట పడుతుందే. పైన మూరెడు బాగుంటే కింద బంగారమే" అనేవాడు. నేను ఇప్పటికీ ఆయన యూనిఫాం చొక్కాయే వేసుకుని తవ్వుతాను, చేతులు రెండు మడతలు పెట్టి. కొత్త చొక్కా ఇవ్వమని స్టోర్సువాణ్ణి అడగడం కంటే అదే సులువు.

మొదటి మూడూ గుడి గంటల్లా మోగాయి. చివరిది ఇస్త్రీ దుకాణం ముందు స్తంభం. వీధి అక్కడితో ఆఖరు, ఎదురుగా గోడ. తీగలన్నీ స్తంభాన్ని వీధివైపు లాగుతుంటే ఇవతలి పక్కనుంచి స్టే వైరు ఒక్కటే పట్టుకుని ఉంటుంది. ఆ స్టే వైరును పట్టుకుని ఉండేది రాడ్డు. మనిషంత పొడవు ఇనప కడ్డీ, పైకి ఉంగరం మాత్రమే కనిపిస్తుంది.

ఇస్త్రీ ఆయన చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ వచ్చాడు. "ఏం తవ్వుతున్నారమ్మా, నిధా?"

"నిధే. దొరికితే మీ దుకాణం మీకే వదిలేసి వెళ్తాం."

మూరెడు తవ్వాను. మోచేయి మునిగేదాకా చెయ్యి పెట్టి కొలిచి చూపించాను. సుత్తి వేస్తే ఖంగుమంది. వెర్నియర్ పెడితే కొత్త రాడ్డు లావుకు వెంట్రుకవాసి తక్కువ. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇస్త్రీ ఆయన అందరికంటే గట్టిగా కొట్టాడు, ఎందుకో ఆయనకూ తెలియదు.

గొడుగు ఇంజనీరు గుంట అంచున చతికిలబడి, "ఇంకో జానెడు తవ్వి చూద్దామా మేడమ్?" అన్నాడు.

"సారూ, మూరెడంటే మూరెడే. మీ పెట్టె గెలిచేదాకా తవ్వుకుంటూ పోతే అటుపక్క దేశంలో తేలతాం" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తరవాత గొడుగు ముడిచాడు.

పసుపు పట్టీ కొత్తగా వేసి, చుక్క కొంచెం పెద్దదే పెట్టాను. కాస్త దూరంలో బావ లారీకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయనవైపు చూడలేదు. ఎన్నిసార్లు చూడలేదో లెక్కలేదు.

10, మంగళవారం

పెట్టెను అట్టపెట్టెలో పెట్టి మూలకు నెట్టారు. నా వెర్నియర్ కనిపించడం లేదు. నాన్నది, స్టీలుది. సంచీ మూడుసార్లు తిరగేశాను.

"అక్కా, మీ ఆయన నా వెర్నియర్ తీశాడేమో అడుగు."

అక్క అడిగింది. "పెట్టెను గెలిచినావిడకు వెర్నియర్ ఎందుకట?" అని జవాబు.

ఓడిపోయినవాళ్ళ ఏడుపు ఇలాగే ఉంటుంది.

12, గురువారం

వెర్నియర్ లేదు. స్టోర్సువాడు ప్లాస్టిక్‌ది ఇచ్చాడు. దాంతో బెండకాయలు కొలవొచ్చు.

వచ్చే మంగళవారం ఇస్త్రీ దుకాణం స్తంభానికి కొత్త లావు కేబులు లాగుతారట. బావ గ్యాంగే. నా పట్టీ మీదే ఎక్కాలి మరి! పెట్టె పట్టీ లేదుగా!

15, ఆదివారం

స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. వెర్నియర్ ఇస్త్రీ దుకాణం గుంటలోనే ఉంది. చప్పట్లు కొడుతుంటే గుంటలో ఒక పక్కన పెట్టాను. చప్పట్ల మత్తులో దాన్ని కూడా కలిపి పూడ్చేశాను. నాన్న ఉంటే వీపు విమానం మోత మోగేది.

ఆదివారం, దుకాణం మూసి ఉంది, వీధిలో ఎవరూ లేరు. నా చిన్న పార ఆఫీసులో ఉంది కాబట్టి ఇంటి వెనక ఉన్న పెద్ద పార పట్టుకెళ్ళాను. వదులు మట్టి, సులువుగా వచ్చింది. వెర్నియర్ దొరికింది. ఆ ఊపులో పార ఒక్క పోటు కిందికి దిగిపోయింది. ఎర్ర గుల్లమట్టి అయిపోయి, నల్లగా, తడిగా, జిగటగా బంకమట్టి వచ్చింది. వీధి ఎత్తు పెంచడానికి ఎప్పుడో పోసిన గుల్ల అక్కడితో ఆఖరు. కింద ఉన్నది అసలు నేల.

పార రాడ్డుకు తగిలింది. ఖంగుమనలేదు. చెక్కకు తగిలినట్టు చప్పుడైంది.

చెయ్యి పెట్టాను. మోచేయి దాటించి, చొక్కా మడతలు తడిసేదాకా. పైన నా బొటనవేలంత లావున్న రాడ్డు, నల్లమట్టిలోకి దిగేచోట పెన్సిలంత ఉంది. గోరుతో గీకితే పొరలు పొరలుగా చేతికొచ్చింది. ఆ తేడా చూడటానికి వెర్నియర్ అక్కర్లేదు.

పూడ్చేసి ఇంటికొచ్చాను.

అదే రోజు, తరవాత

అది ఒక్క రాడ్డే. నేల తేడా. ఎక్కడో ఒకటి ఇలా ఉంటుంది. అందుకని పద్ధతి తప్పనుకోవడానికి లేదు. నాన్న జీవితమంతా మూరెడే తవ్వాడు. ఆయన చూసిన స్తంభం ఒక్కటీ పడలేదు.

అదే రోజు, ఇంకా తరవాత

చొక్కా ఉతకడానికి విప్పాను. చేతుల మడతలు విప్పితే నాన్న మోచేతి దగ్గర అమ్మ వేసిన మాసిక కనిపించింది. ఊరికే, నా మోచేతిని ఆ మాసికకు ఆనించి చూశాను. చొక్కా చెయ్యి నా మణికట్టు దాటి, అరచెయ్యి దాటి వేళ్ళమీదికి వచ్చింది.

నాన్న పొడగరి. స్టూలు లేకుండా అటక మీద సామాను తీసేవాడు. నేను స్టూలు వేసుకున్నా అక్కను పిలుస్తాను. ఆయన మూరకూ నా మూరకూ బెత్తెడు తేడా. ఆఫీసులో మూరెడు అంటారు, మాన్యువల్లో కూడా మూరెడనే ఉంది. ఎవరి మూరో ఎవరూ రాయలేదు, నేనెప్పుడూ అడగలేదు. నా చెయ్యి నాకు ఉంది కదా అని దాంతోనే కొలుస్తూ వచ్చాను.

నాన్న గోళ్ళలో ఎప్పుడూ నల్లమట్టి ఉండేది. అన్నం తినేముందు అమ్మ పుల్లతో తీయించేది. నా గోళ్ళలో ఈ ఉద్యోగం మొదలుపెట్టినప్పటి నుంచీ ఎర్రమట్టే. ఇవాళ మొదటిసారి నల్లమట్టి.

గొడుగాయన ఇంకో జానెడు అన్నాడు. జానెడు కూడా అక్కర్లేదు, బెత్తెడు చాలేది. నేను దేశాలు దాటించి నవ్వించాను.

16, సోమవారం

సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. నిజం చెబుదామనే వెళ్ళాను. గదిలో కునుకు కూడా ఉన్నాడు, కళ్ళు తెరిచి. ఆ మనిషి మెలకువగా ఉండగా ఎలా చెప్పను?

"ఇస్త్రీ దుకాణం స్తంభం పని వాయిదా వేయండి సార్."

"ఎందుకు?"

"కుక్కలున్నాయి."

"కుక్కలా?"

"చాలా ఉన్నాయి సార్. కరుస్తున్నాయి."

ఆయన నా మొహం కాసేపు చూసి, "సరే, శుక్రవారానికి మారుస్తాను. రేపు పైవీధి పని చేయించుకుంటా" అన్నాడు.

అంతే, అయిపోయింది. శుక్రవారంలోగా స్టోర్సు నుంచి కొత్త రాడ్డు పట్టుకెళ్ళి, ఉంగరం వంగిందని ఏదో సాకు చెప్పి మార్పించేస్తాను. ఎవరికీ ఏమీ కాదు. పెట్టె అట్టపెట్టెలోనే ఉంటుంది, నేను గుంటలోనే ఉంటాను.

మిగతా మూడు స్తంభాల సంగతి తరవాత చూద్దాం. వాటి మీద ఇప్పుడు పనులేం లేవు.

రాత్రి భోజనాల దగ్గర బావ కొంచెం ఎక్కువ మజ్జిగ పోసుకున్నాడు. చూస్తూ ఉండిపోయాను. "మీ చెల్లి నావంక చూస్తోంది, ఏమన్నా కావాలేమో కనుక్కో" అన్నాడు అక్కతో. ఏం వద్దని చెప్పమన్నాను.

17, మంగళవారం

ఇవాళ అక్షరాలు వంకర్లుగానే వస్తాయి, ఎవరూ దిద్దక్కర్లేదు.

పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి లారీ లేదు. "పైవీధికి వెళ్ళారా సార్?" అన్నాను.

"లేదమ్మా. పైవీధిలో రోడ్డు ఆపనివ్వలేదు. అందుకని గ్యాంగును ఇస్త్రీ దుకాణానికే పంపేశాను. కుక్కలకు బిస్కెట్లు కూడా కొనుక్కెళ్ళమన్నా."

కునుకు బల్లమీద తల పెట్టుకుని ఉన్నాడు. అతని చెయ్యి పక్కన స్కూటరు తాళంచెవి ఉంది. తీసుకున్నాను. జీవితంలో అతని నిద్ర నాకు ఉపయోగపడిన రోజు ఇదొక్కటే.

వీధి మలుపు తిరగ్గానే కనిపించాడు. స్తంభం పైన, నడుముకు బెల్టు, కాళ్ళు రెండూ ఆనించి. కేబులు అప్పటికే పైకెక్కించారు. కింద బిగించే మర దగ్గర ఒకడు పిడిమీద చెయ్యేసి బావ సైగ కోసం చూస్తున్నాడు. స్కూటరు స్టాండు వేయలేదు. అది పడిపోయిన చప్పుడు వెనక ఎక్కడో వినిపించింది.

"బావా! దిగు!"

పైనుంచి ఆయన నన్ను చూశాడు. చూసి, లారీ డ్రైవరుతో అన్నాడు: "ఆవిడకేం కావాలో కనుక్కో."

డ్రైవరు నాకు మూడడుగుల దూరంలో ఉన్నాడు. "ఏం కావాలని అడుగుతున్నారమ్మా."

"దిగమని చెప్పు!"

"దిగమంటోందన్నా."

"ఎందుకో అడుగు."

"ఎందుకని అడు..."

"నోరుమూసుకో!" అన్నాను డ్రైవరుతో. అతను పాపం ఎప్పుడూ మంచివాడే. మర దగ్గరివాడు నవ్వుతున్నాడు. ఇస్త్రీ ఆయన బయటికొచ్చాడు, గోడమీద ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. వీధంతా ఆఖరి సీను చూడ్డానికి వచ్చినట్టే ఉంది. బావ పైనుంచి మరవాడికి సైగ చేయడానికి చెయ్యి లేపుతున్నాడు. మీటింగులో ఎత్తిన చెయ్యే అది.

"నా పట్టీ తప్పు బావా!" అని అరిచాను. "రాడ్డును కింద మట్టి తినేసింది! నేను పైపైనే చూశాను, కిందికి తవ్వలేదు! పెట్టె చెప్పిందే నిజం! బిగిస్తే తెగిపోతుంది, దిగు బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను, దిగు!"

ఎవరూ నవ్వలేదు. బావ లేపిన చెయ్యి అలాగే ఉంచి, వేళ్ళు విప్పి, ఆగమన్నట్టు మరవాడికి చూపించాడు. మరవాడు పిడి వదిలేసి వెనక్కి జరిగాడు.

అప్పుడు చూశాను. లైన్‌మెన్ అనుమానం ఉన్న స్తంభం ఎక్కేముందు ఆసరా తాడొకటి పైన కట్టి లారీకి బిగిస్తారు, ఒకవేళ రాడ్డు మోసం చేసినా స్తంభం నిలబడటానికి. ఆ తాడు చుట్ట చుట్టినట్టే లారీలో ఉంది.

"తాడెందుకు కట్టలేదు?" అని డ్రైవరు మీద విరుచుకుపడ్డాను.

"పట్టీ మీదేగా అమ్మా" అన్నాడు. "చుక్క ఉందిగా."

ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. బావ ఒక్కో మెట్టూ చూసుకుని, స్తంభాన్ని నిద్రలేపకుండా దిగాలన్నట్టు దిగుతున్నాడు. నేల మీద కాలు పెట్టేదాకా నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు.

బావ లారీలోంచి పార తీసుకుని తనే తవ్వాడు. ఎర్రమట్టి అయిపోయి నల్లమట్టి వచ్చాక బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. చాలాసేపు అలాగే తడుముతూ ఉండిపోయాడు. చెయ్యి చాపితే నా సుత్తి ఇచ్చాను. కింద ఒక్క దెబ్బ వేశాడు, అదీ గట్టిగా కాదు. టిక్కుమంది. స్టే వైరు వదులై ఇస్త్రీ దుకాణం రేకుల మీద వాలింది. స్తంభం వీధివైపు కొంచెం తలవంచి, పాత తీగలే కాబట్టి అక్కడ ఆగింది.

కొత్త కేబులు బిగించి ఉంటే అక్కడ ఆగేది కాదు.

బావ లారీ మెట్టుమీద కూర్చుని నీళ్ళ సీసా తీశాడు. మూత తిప్పలేకపోయాడు. డ్రైవరు తిప్పి ఇచ్చాడు.

18, బుధవారం

సూపర్‌వైజరు పసుపు రంగు డబ్బా, కుంచె తీసేసుకున్నాడు. నా చుక్కలున్న స్తంభాలన్నీ మళ్ళీ చూడాలట. వాటిని నేనే చూడాలా, నన్ను ఇంటికి పంపేసి ఇంకొకళ్ళు చూడాలా అన్నది పైవాళ్ళు తేలుస్తారు. "కుక్కలు" అని ఒక్కమాట అన్నాడు.

మిగతా మూడూ గొడుగు ఇంజనీరుతో కలిసి తవ్వాను. రెండు పెన్సిళ్ళు. మూడోది నల్లమట్టిలో కూడా బాగానే ఉంది. దాన్ని చూసి ఇద్దరం కాసేపు ముచ్చటపడ్డాం, ఆయన పెట్టె తప్పు చెప్పినందుకు ఆయన కూడా. నన్ను దెప్పుతాడనుకున్నాను. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని, "ఆ రోజు నేను ఇంకాస్త గట్టిగా అడగాల్సింది మేడమ్" అన్నాడు. దెప్పితేనే బాగుండేది.

ఇంటికొచ్చాక బావ లేడు. అక్క బట్టలు మడతపెడుతోంది. నేను కూడా ఒక పక్క పట్టుకున్నాను.

"ఆయన తాడెందుకు కట్టలేదే?" అన్నాను. ఆయన అన్నాను, మీ ఆయన అనలేదు. అక్క గమనించింది.

"నీ చుక్క ఉంటే మీ బావ ఎప్పుడు కట్టాడు గనుక?"

"అంటే?"

"కునుకు పట్టీ ఉంటే ఒకటి కాదు, రెండు తాళ్ళు కట్టిస్తాడు. గ్యాంగులో వాళ్ళు గొణుక్కుంటారు కూడా, ఆలస్యమైపోతోందని. నీదైతే మాత్రం 'మా మరదలు చూసింది, పదండ్రా' అని ఎక్కేస్తాడు. నీకు తెలీదూ?"

"మరి మీటింగులో పెట్టె కావాలని చెయ్యెందుకెత్తాడు?"

"కునుకు చూసినవి కూడా ఎక్కాలి కదే పిచ్చిమొహమా! ఎన్నాళ్ళని తాళ్ళు కట్టుకుంటాడు?"

దుప్పటి నా వైపు అంచు జారిపోయింది. అక్క మళ్ళీ అందించింది. ఆ చుక్క నేను గొప్ప కోసం పెట్టుకున్నాను. ఆయన దాన్ని చూసి తాడు విప్పేసేవాడు. ఇన్నేళ్ళుగా ఎన్ని స్తంభాలు అలా ఎక్కాడో, వాటిలో ఎన్ని నా మూర దగ్గరే ఆగిపోయాయో ఎవరికీ తెలియదు. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. అక్క తలుపు కొట్టి, నీళ్ళు వృథా చెయ్యకుండా ఏడవమంది.

19, గురువారం

పొద్దున బావ గడప మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అక్క వంటగదిలోంచి చెవి ఇటు పడేసింది, గరిటె చప్పుడు ఆగిపోయింది.

"బావా."

"ఊఁ."

"ఇవాళ ఎక్కడ?"

"ఆస్పత్రి వెనక వీధి."

అక్కడ ఉన్నవన్నీ నా చుక్కలే. ఆయనకూ తెలుసు. లేసు ముడి వేస్తూ నావంక చూశాడు, నేనేమంటానో అని.

"తాడు కట్టు బావా" అన్నాను. "నా చుక్క ఉన్నా సరే, కట్టు. రేపు నేను నిలువులోతు తవ్వి చూసి బాగుందన్నా సరే, కట్టు. నేను ఒట్టేసి చెప్పినా కట్టు."

"నిన్ను నమ్మొద్దంటావా?"

"వద్దు."

ఆయన రెండో బూటు లేసు కట్టుకున్నాడు. లేచి, నా తలమీద ఒక మొట్టికాయ వేశాడు, కొంచెం నొప్పిపుట్టేలాగే. "సరేలే మరదలు పిల్లా" అని గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

సరేలే అన్న మాటను ఎవరు నమ్ముతారు? గేటు దాకా పరిగెత్తాను. ఆయన అప్పటికే వీధి సగం దాటాడు. చెప్పులు లేవు, జుట్టు ముడి లేదు, పక్కింటివాళ్ళు పళ్ళు తోముకుంటూ చూస్తున్నారు.

"తాడు కట్టు!" అని అరిచాను.

వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తాడు. మలుపు తిరిగేదాకా ఇంకా రెండుసార్లు అరిచాను, రెండుసార్లూ చెయ్యెత్తాడు.